వానాకాలంలో నేపాల్‌కు ఒంటరిగా వెళ్లవచ్చా?

జులైలో సెలవు దొరికింది, ఒక్కడినే నేపాల్ వెళ్లాలనుకుంటున్నాను, వానలతో ఇబ్బందా అని అడిగారు. వెళ్లవచ్చు. కాకపోతే వాన గురించి మనకు తెలిసింది అక్కడ పనికిరాదు.

మాది దేవరకొండ. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు పడితే గట్టెక్కినట్టే లెక్క. నేను వెళ్లిన నేపాల్ ఊరు పోఖరాలో మూడు వేలకు పైనే పడుతుంది. ఆ అంకె చదివే బయలుదేరాను గానీ, చదవడం వేరు, రేకుల కప్పు కింద రాత్రంతా వినడం వేరు.

2023 జులైలో గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, బుట్వల్, పాల్పా మీదుగా వెళ్లే పోఖరా బస్సెక్కాను. సుమారు 180 కిలోమీటర్లు, సాయంత్రానికి చేరతాననుకున్నాను. బుట్వల్ దాటిన కాసేపటికే కొండచరియ జారి రోడ్డంతా బురద. విచిత్రం, అప్పుడు ఎండ కాస్తోంది! నానిన కొండ వాన వెలిశాక కూడా జారుతుందని అప్పుడే తెలిసింది. డ్రైవరు ఇంజను ఆపి నిద్రపోయాడు. నేను మాత్రం పది నిమిషాలకోసారి దిగి బురద వైపు చూసి వస్తున్నాను. పక్కనే మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఆవిడ నా అవస్థ చూసి పీట ఇటు జరిపింది. మూడో కంకి తినేసరికి జేసీబీ వచ్చింది. పోఖరా చేరేసరికి అర్ధరాత్రి.

అందుకే పొద్దున్నే మొదటి బస్సెక్కండి, రాత్రి బస్సు వద్దు. 2024 జులై 12 తెల్లవారుజామున సిమల్‌తాల్ దగ్గర చరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. తిరుగు రైలుకు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.

జలగల సంగతి. మన చెరువుల్లో గేదెలకు పట్టేవి నాకు తెలుసు. అక్కడ ఆకుల మీద కాచుకుని కూర్చుంటాయి! పోఖరా పక్కనున్న సారంగ్‌కోట్ కొండ దిగి బూటు విప్పితే మేజోడు ఎర్రగా తడిసి ఉంది, నొప్పి మాత్రం లేదు. గోటితో పక్కకు నెడితే వదులుతుంది, నెత్తురు కాసేపు కారుతూనే ఉంటుంది. కంగారు పడకండి.

మచ్ఛపుచ్ఛ్రే శిఖరం అయిదు రోజుల్లో ఒక్క ఉదయం, ఇరవై నిమిషాలు కనిపించింది. కొండల కోసమే వెళ్లేవారైతే అక్టోబరు మేలు. పచ్చదనం, జలపాతాలు, సగం ఖాళీగా ఉండే గదులు చాలనుకుంటే జులై బాగుంటుంది. ముస్తాంగ్‌లో వాన తక్కువే, ఎందుకంటే హిమాలయాలు మేఘాలను ఇవతలే ఆపేస్తాయి. కానీ అక్కడికి చేరే దారి మాత్రం ఈ వానలోనే ఉంది.

కొండదారుల్లో నడవాలనుకుంటే, ఒంటరి విదేశీయులకు గైడు ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టారు. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ సరిపోదు. మన వంద వాళ్ల 160. ఇంటికి ఫోను చేసే వేళ ముందే చెప్పి ఉంచండి. వాళ్ల గడియారం మనకన్నా పావుగంట ముందుంటుంది, ఆ పావుగంటకే మా అమ్మ ఒకరోజు కంగారు పడింది.

జీన్సు ప్యాంటు మాత్రం తీసుకెళ్లకండి. నాది పోఖరాలో తడిసింది, దేవరకొండలో మా దండెం మీద ఆరింది.