లేఅవుట్‌లో కూరగాయల మడికి చోటు

ప్రశ్న: మా లేఅవుట్‌లో ఇంకా రోడ్లే వేస్తున్నారు. పార్కు స్థలంలో కొంత కూరగాయలకు అడగాలా, ఇల్లు కట్టాక మేడ మీదే పెంచుకోవాలా?
– ఒక పాఠకురాలు, శంషాబాద్

జవాబు: ఇప్పుడే అడగండమ్మా, రోడ్లు పూర్తయ్యాక ఎవరూ వినరు. ముందు మేడ సంగతి. తడిసిన మట్టి అడుగు మందాన పోస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. మామూలు మేడ మీద మనుషులు తిరిగే బరువుకని లెక్కగట్టేది 150 కిలోలే. ఇంజినీరుకు చెప్పకుండా మడులు కడితే స్లాబుకే ముప్పు.

నేల మీదైతే జేసీబీ పైమట్టిని లారీకెత్తక ముందే ఒక పక్కన కుప్ప పోయించండి. సారమంతా ఆ జానెడు మట్టిలోనే ఉంటుంది. మొరం మీద బెండ మొక్క కూడా నిలదొక్కుకోదు. ఎంత బాధగా ఉంటుందో, ఆ మట్టిని గుంతలు పూడ్చడానికి వాడేస్తుంటే! దక్షిణాన ఎత్తైన భవనం రాని చోటు చూసుకుని, నీటి పైపు ప్లానులోనే గీయించండి. పార్కు స్థలం స్థానిక సంస్థ పేరుకు మారుతుంది కాబట్టి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

నెదర్లాండ్స్‌లోని అల్మేర్ నగరంలో ఓస్టర్‌వోల్డ్ అనే కొత్త పేట ఉంది. అక్కడ ఇల్లు కట్టుకునేవారు సాధారణంగా ప్లాటులో సగం దాకా సాగుకే వదలాలన్నది నిబంధన. మీ సంఘం సమావేశంలో ఈ మాట తప్పక చెప్పండి.