విలీనం ప్రకటించినా షేరు ఆ ధరకు చేరలేదేం?

ప్రశ్న: పదవీ విరమణ డబ్బులో కొంత పెట్టి ఒక కంప్యూటర్ల కంపెనీ షేర్లు 210 కొన్నాను. దానిని ఒక పెద్ద కంపెనీలో విలీనం చేస్తామని, మా షేర్లు నాలుగింటికి వారి షేరు ఒకటి ఇస్తామని ప్రతిపాదించారు. ఆనాడు వారి షేరు 1,000 రూపాయలు. ఆ లెక్కన మాది 250కి చేరాలి కదా, 236 దగ్గరే ఆగిపోయింది. ఒంగోలులో కంప్యూటర్ల దుకాణం నడిపే మా మేనల్లుడేమో వీటిని అమ్మి పోటీ కంపెనీ షేర్లు కొనమంటున్నాడు. ఏమి చేయమంటారు?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ 14 రూపాయల తేడా పొరపాటు కాదు, విలీనం జరగకపోవచ్చునన్న అనుమానానికీ, జరిగేదాకా వేచి ఉండవలసిన కాలానికీ మార్కెట్ కట్టిన వెల అది. వాటాదారుల సమావేశంలో ఓటు వేసినవారి వాటా విలువలో నాలుగింట మూడు వంతుల ఆమోదం కావాలి, కంపెనీ లా ట్రిబ్యునల్ ఒప్పుకోవాలి, పెద్ద లావాదేవీ అయితే మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే పోటీ కమిషన్ కూడా పరిశీలించాలి.

అంతకన్నా ముఖ్యమైనది, మీకు హామీ ఇచ్చినది 250 రూపాయలు కాదు, నిష్పత్తి మాత్రమే. పెద్ద కంపెనీ షేరు 900కు దిగితే మీ షేరుకు దక్కే విలువ 225 అవుతుంది. 2001 సెప్టెంబరులో తోటి అమెరికా కంప్యూటర్ల కంపెనీ కాంపాక్‌ను కలుపుకుంటామని హెచ్‌పీ ప్రకటించినప్పుడు హెచ్‌పీ షేరు 18 శాతానికి పైగా పడిపోయింది. కాంపాక్ ఒక్కో షేరుకు 0.6325 హెచ్‌పీ షేరు అన్న లెక్క ఉన్నందున, అమ్ముడుపోతున్న కాంపాక్ షేరు సైతం దాదాపు 10 శాతం నష్టపోయింది. హెచ్‌పీ వ్యవస్థాపకుల్లో ఒకరి కుమారుడు వాల్టర్ హ్యూలెట్ స్వయంగా వ్యతిరేకించగా, ఆ విలీనం స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కి 2002 మే నెలలో పూర్తయింది.

మీ మేనల్లుడి మాటలో కొంత నిజం ఉంది. రెండు కంపెనీలు ఏ మోడల్ ఉంచాలో, ఏ డీలరును వదులుకోవాలో తేల్చుకునేలోగా కొనుగోలుదారులు పక్క దుకాణానికి వెళ్తారని కౌంటరు వెనుక కూర్చున్న వ్యక్తికి మనకంటే ముందే తెలుస్తుంది. హెచ్‌పీ ఆ సర్దుబాట్లలో ఉండగానే దాని పోటీదారు డెల్ 2003లో కంప్యూటర్ల అమ్మకాల్లో మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. అయితే కొనుగోలుదారులు ఇటు తరలి వస్తారన్న ఆశ పోటీ కంపెనీ షేరు ధరలో ఇప్పటికే కలిసి ఉండవచ్చు. పైగా, కలిసిన కంపెనీ విడిభాగాలను పెద్ద మొత్తంలో చవకగా కొని ధరలు తగ్గిస్తే నలిగిపోయేది ఆ పోటీదారే. కేవలం ఈ కారణంతో మారడం నాకు సమ్మతం కాదు. పెద్ద కంపెనీ అప్పులనూ లాభాలనూ చూసిన మీదట దాని షేరు మీ దగ్గర ఉండదగినదే అనిపిస్తే ఆగండి, లేకుంటే 236కే అమ్మడంలో తప్పు లేదు.

ఆగితే మీకు 52 షేర్లు వస్తాయి, మిగిలిన అర షేరుకు సాధారణంగా నగదు ఇస్తారు. తర్వాత అమ్మినప్పుడు పన్ను లెక్కకు మీ పాత కొనుగోలు ధర, తేదీ ఆధారమవుతాయి కాబట్టి కొన్న ధర, తేదీ ఉండే, బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోట్‌ను భద్రపరచండి.