క్యాంపర్‌కు స్లైడ్‌ఔట్ కావాలా? ఇంట్లో పెద్దవాళ్లుంటే కావాలి

డాలస్‌లో ఉంటున్నామనీ, ఇద్దరు పిల్లలనీ, ఏటా కొన్ని నెలలు అత్తగారు వచ్చి ఉంటారనీ రాశారు. మొదటిసారి కొనే ట్రావెల్ ట్రైలర్‌కు, అంటే బండి వెనక కట్టుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి క్యాంపర్‌కు, స్లైడ్‌ఔట్ (ఆగాక బయటికి జరిపి, బయల్దేరేముందు లోపలికి మూసే గోడ) అవసరమా అని అడిగారు. అవసరమే. భార్యాభర్తలు ఇద్దరే తిరిగేటట్లయితే వద్దనేవాడిని.

రోడ్డు మీద ట్రైలర్ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. ఒక పక్క పొయ్యి, మరో పక్క సోఫా పెట్టాక మధ్యలో మిగిలేది మనిషి పట్టే సందు. మా అమ్మ వంట చేస్తుంటే నాన్న అటు వెళ్లిన ప్రతిసారీ ఆవిడ ఒదిగి నిలబడాలి. డెబ్బై దాటినవాళ్లను అలా ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు. ఆ గోడ రెండు మూడు అడుగులు బయటికి జరిగితే ఇద్దరూ హాయిగా మసలుతారు.

అయితే డీలర్లు ఎప్పుడూ స్లైడ్ తెరిచిన ట్రైలరే చూపిస్తారు. మూసి చూపించమని అడగండి. అమ్మానాన్నలను తీసుకెళ్లి మేము అడిగితే అక్కడి కుర్రవాడు ఎవరూ అలా అడగరన్నాడు. నేను పట్టుబట్టాను. మోటారు మూలుగుతూ సోఫాను లోపలికి లాగింది. నాన్నా, దారిలో ఎక్కడో ఆగామనుకుని ఒకసారి బాత్రూముకు వెళ్లండి అన్నాను. ఆయన కమ్మీ పట్టుకుని మెట్లెక్కారు. సోఫా చెయ్యి బాత్రూము తలుపుకు అడ్డంగా ఉంది. దాన్ని దాటడానికి మోకాలు ఎత్తబోయి ఆగిపోయారు. అమ్మ ఫ్రిజ్ లాగితే తలుపు బెత్తెడు తెరుచుకుని సోఫాకు కొట్టుకుంది. "పెరుగు గిన్నె కూడా బయటికి రాదురా" అంది. బంకుల్లో బాత్రూములు ఉంటాయి కదా అన్నాడు ఆ కుర్రవాడు. పశ్చిమ టెక్సాస్‌లో ఐ-10 హైవే మీద బంకుకూ బంకుకూ ఎంత దూరమో అతనికి తెలియదా? షుగరు ఉన్న మనిషిని అంతదాకా ఆపుకోమంటామా? ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. భోజనాల బల్ల ఉన్న గోడ మాత్రమే కదిలే ట్రైలర్ వేరేచోట దొరికింది. అది మూసి ఉన్నా నడవ ఖాళీగా ఉంటుంది. అదే కొన్నాము.

బరువు విషయంలోనూ డీలర్ల మాట నమ్మకండి. వాళ్లు చెప్పేది ఖాళీ ట్రైలర్ బరువు. స్లైడ్ వల్ల వందల పౌండ్లు పెరుగుతాయి, ఆ మేరకు సామాను తగ్గించుకోవాలి. ఎంత సామాను వేయవచ్చో తలుపు దగ్గర అంటించిన పసుపు చీటీలో ఉంటుంది, అది చదవండి. గ్యాలన్ నీళ్లే 8.3 పౌండ్లు. నలభై గ్యాలన్లు నింపితే 330 దాటుతుంది. ఇక బియ్యం, కుక్కర్లు, అత్తగారి గ్రైండరు ఉండనే ఉన్నాయి.

వానకు స్లైడ్ కారుతుందని భయపెట్టేవాళ్లు చాలామంది. చూసుకోనివాళ్లకే కారుతుంది. ట్రైలర్‌ను సమంగా నిలబెట్టాకే తెరవాలి, మూసేముందు పైన పడిన ఆకులూ పుల్లలూ ఊడ్చాలి, రబ్బరు పట్టీలను శుభ్రంగా ఉంచాలి. చవకగా వస్తుందని గుడ్డ గోడలు విప్పుకునే ట్రైలర్ వైపు మాత్రం వెళ్లకండి. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపు దగ్గర గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయని అలాంటి ట్రైలర్లను రానివ్వరు.

మీ అత్తగారు వచ్చేదాకా కొనడం ఆపండి. ఆవిడను వెంట తీసుకెళ్లి, స్లైడ్ మూయించి, మెట్లెక్కి బాత్రూముదాకా నడవమనండి. ఆవిడ ఎక్కడైనా పక్కకు తిరిగి నడవాల్సి వస్తే ఆ ట్రైలర్ వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే.