పాత బండికి ఇ20 పెట్రోలు పోయిస్తే పాడైపోతుందా? మైలేజీ ఎంత తగ్గుతుంది?

ఇ20 అంటే నూటికి 20 పాళ్ళు ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు. నాది 2012 మోడల్ 125 సీసీ బండి, కార్బరేటర్‌ది. రోజూ సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో ఒక లేసు వ్యాపారి దగ్గర లెక్కలు రాయడానికి వెళ్తాను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు కూడా డైరీలో రాసుకునే జబ్బు ఉంది నాకు. అందుకని మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పేస్తాను. ఒకప్పుడు లీటరుకి 52 వచ్చేది, ఇప్పుడు 48 వస్తోంది.

నీతి ఆయోగ్ 2021 నివేదికలో ఇలాంటి పాత టూవీలర్లకి 3, 4 శాతం, కార్లకి 6, 7 శాతం తగ్గుతుందని రాశారు. నాకు 7 దాటింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌లో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. 20 శాతంలో మూడో వంతు పోతే దగ్గర దగ్గర 7. నా డైరీ, ఈ లెక్క కలిశాయి. ఇక ఎవరు ఏ టెస్టు చేసి చూపించినా నేను వినను. బండి బరువు పెరగలేదు, మీ బరువే పెరిగింది అంటుంది మా ఆవిడ. అది వేరే విషయం.

ఇక పాడవుతుందా అన్న ప్రశ్న. దీనికి కిందటేడు ఆగస్టులో నాకు జరిగింది చెప్పాలి.

మా అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళ్ళి అయిదు వారాలు ఉండిపోయాం. బండి పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఉంది. పైన రేకు లేదు, ఆ అయిదు వారాలూ వాన ఆగలేదు. తిరిగొచ్చిన మర్నాడు కిక్ కొట్టగానే స్టార్టయింది, మురిసిపోయాను. రేవుకి కొద్ది దూరంలో రెండుసార్లు దగ్గింది. పెట్రోలు తక్కువైంది కాబోలు అనుకుని కాక్‌ని రిజర్వ్‌కి తిప్పాను. అదే నేను చేసిన పొరపాటు, అప్పటికి తెలియదు. ఎలాగో పంటు ఎక్కేసి ఇంజన్ కట్టేశాను.

అవతలి ఒడ్డున దిగేటప్పుడు స్టార్ట్ కాలేదు. వెనకాల రొయ్యల ట్రేలేసుకున్న ఆటో, దాని నుంచి ఐసు నీళ్ళు నా చెప్పుల మీద కారుతున్నాయి. ఆ వెనక పది బళ్ళు, అందరూ ఒకటే హారన్. "తొయ్యండి మాస్టారూ, తొయ్యండి" అని ఎవరో అరిచారు. నేను మాస్టార్ని కాదు, కళ్ళజోడు చూసి అలా అనుకుంటారు. బురదలో, ఏటవాలు మీద, ఇస్త్రీ చొక్కాతో బండి తోశాను. ఇక్కడ వంతెన కడతామని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ వంతెనే ఉంటే ఆ రోజు ఇంత భాగోతం జరిగేది కాదు.

మెకానిక్ షెడ్డు దాకా నెట్టుకెళ్తే, ఆ కుర్రాడు కార్బరేటర్ కింద స్క్రూ వదులు చేసి ఖాళీ సోడా సీసాలోకి పెట్రోలు దింపాడు. వెలుతురుకి పెట్టి నా ముఖం ముందు పట్టుకున్నాడు. "బాబాయ్ గారూ, గీత కనపడతందాండి?" కనపడింది. సీసాలో పైన సగం లేత పసుపు, కింద సగం మంచినీళ్ళలా తేటగా ఉంది. మధ్యలో గీత, గాజు మీద కత్తితో గీసినట్టు. సీసా ఊపితే పాలలా తెల్లగా అయిపోయి, రెండు నిమిషాల్లో మళ్ళీ అదే గీత. అడుగుది రెండు చుక్కలు నా అరచేతిలో పోస్తే చల్లగా తగిలి, పెట్రోలు కంపుతో పాటు కరోనా రోజుల శానిటైజర్ వాసన కొట్టింది.

నాకు కోపం నసాళానికి ఎక్కింది. ఆ సీసా పట్టుకుని సరాసరి బంకుకి వెళ్ళాను. ఊరెళ్ళేముందు పోయించుకుంది అక్కడే. గొంతు కొంచెం పెంచాననే చెప్పాలి. ఒకప్పుడు రేషన్ నీలం కిరసనాయిలు కలిపిన పెట్రోలుతో దెబ్బతిన్నవాణ్ణి, ఎవరినీ నమ్మను. బంకు మేనేజరు మాత్రం చిరాకు పడలేదు. వడపోత కాగితం తెచ్చి నాజిల్ నుంచి చుక్క వేశాడు, మరక మిగలకుండా ఆరిపోయింది. నీళ్ళుంటే రంగు మారే పేస్టు పూసి కొలబద్దని భూమిలోని ట్యాంకులోకి దింపాడు, రంగు మారలేదు. చుట్టూ నలుగురు చేరారు. నేను సీసా సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

అసలు దొంగ ట్యాంకు మూత దగ్గర దొరికింది. మూత చుట్టూ పడిన వాన నీళ్ళు పోవడానికి అక్కడ చిన్న కన్నం ఉంటుంది, మీ బండికీ ఉంటుంది, చూసుకోండి. అందులో కందిరీగ మట్టిగూడు కట్టి మూసేసింది. నీళ్ళు మూత చుట్టూ నిలిచి, పగిలిన పాత రబ్బరు వాషర్ గుండా లోపలికి దిగాయి.

అయితే తప్పు కందిరీగది, ఇథనాల్‌ది కాదు కదా అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. మామూలు పెట్రోల్లో పడిన నీళ్ళు అందులో కలవవు, గోళీల్లా అడుగున కూర్చుంటాయి, దింపేస్తే పోతాయి. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొంతవరకు అది మంచిదే, ఆ కాస్త తడి ఇంజన్లో కాలిపోతుంది. హద్దు దాటిందా, ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీళ్ళతో కలిసి అడుగుకి దిగిపోతుంది. అంటే చెంచాడు నీళ్ళు పడితే చెంచాడు కాదు, దానికి కొన్ని రెట్లు అడుగున చేరుతుంది. రిజర్వ్ గొట్టం పీల్చేది ఆ అడుగునే. నేను కాక్ తిప్పి నా చేత్తోనే దాన్ని కార్బరేటర్‌కి తాగించాను.

కాబట్టి రోజూ తిరిగే బండికి ఇ20తో నాకేం భయం లేదు. నిలిచిపోయే బండికీ, వానలో నానే బండికీ, అంటే మన గోదావరి జిల్లాల్లో సగం బళ్ళకీ ఉంది. ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్ళకి మా గాలిలో తడి ఏం తెలుస్తుంది? ఇక్కడ శ్రావణంలో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరవుతుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బళ్ళలో రబ్బర్లూ అవీ ఇ20ని తట్టుకునేలా పెడుతున్నారు. నాబోటివాడి సంగతి? నా బండి పెట్రోలు పైపు వేలితో నొక్కితే జిగురుగా తగిలింది, మార్పించాను. బంకులో పాత బళ్ళకి వేరే పంపు పెట్టొచ్చుగా, పెట్టరు. మైలేజీ తగ్గినందుకు రేటైనా తగ్గిందా అంటే అదీ లేదు.

ఇథనాల్ మొత్తం చెడ్డదని కూడా నేను అనను. ఇంజన్ కొట్టుకోకుండా ఆక్టేన్ పెంచుతుంది. ఆ పనికి ఒకప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు, 2000లో దేశమంతా ఆపేశారు. మా నాన్నగారి స్కూటర్ వెనక కూర్చుని ఆ పొగ పీల్చినవాణ్ణి నేను, నా లెక్కల్లో తప్పులొస్తే దాని మీదే తోసేస్తుంటాను. పైగా ఈ ఇథనాల్ చెరుకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ నూకల నుంచీ కూడా తీస్తారు. మా బావకి రైసు మిల్లు ఉంది, నూకలకి గిరాకీ పెరిగిందని మీసం మెలేస్తాడు. మా తమ్ముడు సంక్రాంతి పుంజుల్ని మేపుతాడు, అదే నూకల రేటు చూసి బావని తిడతాడు. పండక్కి ఇద్దర్నీ ఒక పంక్తిలో కూర్చోబెట్టలేక మా అమ్మ సతమతమవుతోంది.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. వారం దాటి ఊరెళ్తే ట్యాంకు నిండా కొట్టించి వెళ్తాను, లోపల గాలి తక్కువుంటే తడీ తక్కువ. పురుగుమందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్‌కి మాత్రం ఉల్టా: పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి అటకెక్కిస్తాను. మూత దగ్గర కన్నంలో నెలకోసారి సైకిలు పుల్ల పెట్టి పొడుస్తాను. షాపుల్లో ఇథనాల్‌కి విరుగుడని అమ్మే చిన్న సీసాల జోలికి పోకండి. ఒకసారి గీత పడ్డాక ఏ మందూ వాటిని కలపదు, మొత్తం దింపి కొత్తది పోయడమే. నేనూ ఒక సీసా కొన్నాను, ఎంతకో చెప్పను.

మొన్న నాలుగు రోజులు ఊరెళ్ళొచ్చి చూస్తే మూత దగ్గర కన్నం శుభ్రంగా ఉంది. కందిరీగ ఈసారి తాళం చెవి పెట్టే కన్నంలో కట్టింది.