గేమింగ్ సెంటర్ గోడ మీద మారియో బొమ్మ వేయించవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. అద్దె బిల్డింగులో మొబైల్ షాపు నడుపుతున్నాను. పై అంతస్తులో పిల్లలకు గేమింగ్ సెంటర్ తెరవబోతున్నాను. రోడ్డు వైపు గోడంతా జపాన్ వీడియో గేమ్‌ల్లోని మారియో, పికాచు బొమ్మలు వేయించాలని పార్వతీపురం నుంచి ఆర్టిస్టును పిలిపించాను. కాపీరైట్ కేసు అవుతుందని మా బావమరిది ఆపుతున్నాడు. కొంచెం మార్చి వేస్తే ఏమీ కాదని ఆర్టిస్టు అంటున్నాడు. బొమ్మలు అమ్మడం లేదు కదా, జపాన్ కంపెనీకి మా ఊరి గోడతో పనేమిటి?

జవాబు: మీ బావమరిది చెప్పిందే సరైనది. రంగు డబ్బాలు కొనకముందే అడిగారు, మంచి పని చేశారు.

మన కాపీరైట్ చట్టం 1957లోది. ఆ చట్టం ప్రకారం చిత్రాన్ని మళ్లీ గీసే హక్కు, జనానికి చూపించే హక్కు దాని హక్కుదారువే. కాగితం మీద గీసినా, 20 అడుగుల గోడ మీద గీసినా తేడా లేదు. జపాన్ బొమ్మ అయినంత మాత్రాన ఇక్కడ రక్షణ పోదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల కృతులకు మన దగ్గర కూడా రక్షణ ఉంటుంది. పాత గేమే కదా అనుకోవడానికీ లేదు. మారియో మొదట కనిపించింది 1981లో. మన చట్టంలో చిత్రం మీది హక్కు గీసినవారి జీవితకాలమంతా, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది.

'కొంచెం మారిస్తే చాలు' అన్న మాట పెయింటర్ల దగ్గర, ఫ్లెక్సీలు కొట్టేవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. ఇరవై శాతం మారిస్తే సరిపోతుందనీ అంటారు. చట్టంలో అలాంటి శాతం ఎక్కడా లేదు. కోర్టు చూసేది ఒకటే: ముఖ్యమైన అంశాలు తీసుకున్నారా, చూసినవాడికి అది కాపీ అనిపిస్తుందా. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో ఈ కొలతనే పెట్టింది. టోపీ ఎరుపు తీసి నీలం చేసి, మీసం అలాగే ఉంచితే మీ సెంటర్‌కి వచ్చే ఏడేళ్ల పిల్లాడు కూడా 'మారియో' అనే అంటాడు. అదే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. ఏఐ యాప్‌లో చేయించి తెచ్చినా ఇదే కొలత.

బొమ్మలు అమ్మడం లేదన్నారు. కానీ గోడ చూసే పిల్లలు మెట్లెక్కుతారు, మీరు గంటకింత తీసుకుంటారు. అది వ్యాపార వాడకమే. మీ అబ్బాయి పడకగదిలో అదే పికాచును గీయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. సొంత వాడకానికి చట్టంలో 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. షాపు ముందు గోడకు అది వర్తించదు. పైగా అక్కడ ట్రేడ్‌మార్క్ చిక్కు కూడా ఉంది. కంపెనీవాళ్లే తెరిచిన సెంటరేమో అని జనం పొరపడితే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద వేరే దావా వేయవచ్చు.

ఇక శిక్ష సంగతి. తెలిసి చేసినవారికీ, చేయించినవారికీ కూడా 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాపార లాభం కోసం కానప్పుడు శిక్ష తగ్గించే వీలుంది గానీ మీది వ్యాపారమే. మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. సాధారణంగా ముందు వచ్చేది నోటీసు, గోడ చెరిపేస్తే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. కానీ చూసేవాడు లేడన్న ధీమా వద్దు. 1989లో అమెరికాలోని ఫ్లోరిడాలో మూడు పసిపిల్లల సంరక్షణ కేంద్రాల గోడల మీదున్న మిక్కీ మౌస్ బొమ్మలను డిస్నీ తీసేయించింది. ఇప్పుడైతే మీ గోడ ముందు ఎవరో సెల్ఫీ దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే చాలు.

నన్నడిగితే ఆ డబ్బుతో సొంత పాత్రలు గీయించుకోండి. చదరపు గళ్లతో పాత గేమ్‌లలా బొమ్మ వేసే పిక్సెల్ శైలి ఎవరి సొత్తూ కాదు. ఇటుకలు, నాణేలు, గెంతే పిల్లాడు, కోటలు కూడా అంతే. మీ సెంటర్‌కి ఒక పిల్లాడిని, ఒక ఎలుగుబంటిని హీరోలుగా పెట్టించండి. ఆ బొమ్మే రేపు మీ బోర్డు మీదకీ వస్తుంది.

సవర బొమ్మలు వేయిద్దామని మీ జిల్లాలో చాలామందికి తోస్తుంది, మీకూ తోచవచ్చు. గోడ మీద అందంగా ఉంటాయి, నిజమే. కానీ సవరల్లో ఒక తెగ అయిన లాంజియా సవరల చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరుతో ఎవరు పడితే వారు చేసినదాన్ని చెలామణి చేయకూడదు. పైగా వారి ఇళ్లలో గోడ మీద వేసే ఈ చిత్రం, వాళ్లు ఇడితాల్ అనేది, అలంకారం కోసం వేసేది కాదు, పూర్వీకులకూ దేవతలకూ వేసేది. అది కావాలనుకుంటే సవర కళాకారులనే పిలిచి, ఏది వేయవచ్చో వారినే అడిగి, కూలి సరిగ్గా ఇచ్చి వేయించండి.

పని మొదలుపెట్టే ముందు రెండు కాగితాలు రాసుకోండి. ఒకటి బిల్డింగు ఓనరు నుంచి, గోడకు రంగు వేయడానికి ఒప్పుకుంటున్నట్టు. రెండోది ఆర్టిస్టుతో. డబ్బిచ్చి వేయించిన పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి కాపీరైట్ వేయించినవారిదే అని 17వ సెక్షన్ చెబుతుంది. అయినా రాతలో పెట్టుకోండి. 'ఈ బొమ్మలు నా సొంతం, ఎక్కడి నుంచీ దించలేదు, తేడా వస్తే బాధ్యత నాది' అని ఆయన చేత సంతకం చేయించండి. ఒప్పందం తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది, ఇద్దరికీ చదవడం వచ్చిన భాషలో ఉండాలి, అంతే. గోడ మూలన ఆర్టిస్టు తన పేరు రాసుకుంటానంటే అడ్డు చెప్పకండి. అది చట్టమిచ్చిన హక్కు, హక్కులు మీకు రాసిచ్చినా ఆయనకు పోనిది.