పంటికి తెచ్చిన అప్పు, పనికి పడిన నాగా

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద పనిచేస్తాను. డ్యూటీకి 750 రూపాయలు, నెలకు 25 డ్యూటీల దాకా పడతాయి. మా ఆవిడ బట్టలు కుట్టి ఒక 4,000 తెస్తుంది. ఇంటి ఖర్చు 14,000, చీటీ 3,000. కింది దవడలో రెండు వైపులా జ్ఞానదంతాలు అడ్డంగా ఉన్నాయి, తీసేయాలన్నారు. రెండింటికీ 18,000 అవుతుందంటే లోన్ యాప్‌లో 20,000 తీసుకున్నాను. చేతికి వచ్చింది 17,600. వారానికి 4,000 చొప్పున ఆరు వారాలు కట్టాలి. ఎడమ పన్ను తీయించుకుని, కిస్తీ కోసం రెండో రోజే డ్యూటీకి వెళ్లాను. నాలుగో రోజుకు చెవి దాకా ఒకటే పోటు. డ్రై సాకెట్ అన్నారు. డ్రెస్సింగులకు 1,200 అయింది, ఆరు రోజులు నాగా పడింది. ఇంకా మూడు కిస్తీలున్నాయి, తెచ్చిన డబ్బు అయిపోయింది, కుడి పన్ను అలాగే ఉంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టమంటారా, ఇంకో యాప్‌లో తీసుకోమంటారా? 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది కానీ పంటికి పైసా రాలేదు. దాన్ని మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: ఇంకో యాప్ జోలికి వెళ్లకండి. పాలసీ మానకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను.

మీ ఉత్తరం ఎంచుకున్నది ఒకే ఒక్క మాట కోసం: "కిస్తీ కోసం రెండో రోజే డ్యూటీకి వెళ్లాను." ఈ పొరపాటు చేసేవాళ్లు చాలామంది. వైద్యం ఖర్చు అనగానే డాక్టరు చెప్పిన ఫీజు ఒక్కటే లెక్కేస్తారు. ఆ తర్వాత ఇంట్లో పడుకోవాల్సిన రోజులకు కూడా ధర ఉంటుందని తట్టదు. నెల జీతం వాళ్లు సెలవు పెట్టుకుంటారు. డ్యూటీ లెక్కన బతికేవాళ్లకు విశ్రాంతి అంటే జేబులోంచి పోయే డబ్బే.

జ్ఞానదంతం, అందులోనూ కింది దవడలో అడ్డంగా పడుకున్నది, మామూలు పన్ను పీకినట్టు ఉండదు. చిగురు కోసి, ఒక్కోసారి ఎముక కొంచెం తొలిచి, పన్నును ముక్కలు చేసి తీస్తారు. కుట్లు పడతాయి. వాపు మొదటి రోజు కన్నా రెండు, మూడు రోజులకు ఎక్కువవుతుంది. తీసినచోట గడ్డకట్టిన రక్తమే ఆ గుంతకు మూత. అది ఊడిపోతే ఎముక బయటపడి మీరు పడిన నరకం మొదలవుతుంది. డ్రై సాకెట్ అంటే అదే. అందుకే మొదటి కొన్ని రోజులు బరువులెత్తొద్దని, బీడీ సిగరెట్లు ముట్టొద్దని, స్ట్రాతో తాగొద్దని, గట్టిగా ఉమ్మొద్దని అంటారు. ఒక రోజు గడిచాక గోరువెచ్చని ఉప్పునీళ్లు, తినడానికి పెరుగన్నం, చల్లారిన రాగి జావ. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఖర్చంతా పనికి వెళ్లకుండా ఉండటంలోనే ఉంది. ఇంట్లో ఉంటే డ్రై సాకెట్ రానే రాదని గ్యారంటీ లేదు. కానీ రెండో రోజే మిషన్ ముందు నిలబడితే దాన్ని పిలిచినట్టే.

ఇప్పుడు ఎడమ పన్ను అసలు ధర చూడండి. రెండింటికీ 18,000 అన్నారు కాబట్టి ఒక పంటికి 9,000. తీయించుకున్న రోజుతో కలిపి ఏడు నాగాలు, 5,250. డ్రెస్సింగులు 1,200. యాప్‌కు అదనంగా కట్టేది 6,400. మొత్తం 21,850. చేతిలో సొంత డబ్బు ఉండి, అయిదు రోజులు నిశ్చింతగా ఇంట్లో ఉండి ఉంటే 12,750తో పోయేది. తేడా 9,100. కుడి పన్ను ఖర్చు ఇందులోనే పోయింది.

ఆ యాప్ సంగతి కూడా చెప్పాలి. 17,600 ఇచ్చి ఆరు వారాల్లో 24,000 లాగడం అంటే నెలకు నూటికి 40 రూపాయలకు పైగా వడ్డీ. మన ఊళ్లో ఎవరైనా నూటికి అయిదు రూపాయలు అడిగితేనే నోరెళ్లబెడతాం. ఫోన్‌లో అడిగేసరికి బొటనవేలితో ఓకే కొట్టేస్తున్నాం! రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం అప్పు ఇచ్చేముందే ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక పత్రంలో చూపించాలి. మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదు. మీకు ఆ పత్రం ఇచ్చారా? ఇవ్వకపోతే, లేదా బంధువులకు ఫోన్లు చేసి బెదిరిస్తుంటే, రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. బెదిరింపులైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మిగిలిన 12,000 ముందే కడితే ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా అడగండి. తగ్గించినా, తగ్గించకపోయినా వారానికి 4,000 కడుతూ ఇల్లు నడపడం మీ వల్ల కాదు. మీ ఆవిడ ఒప్పుకుంటే ఆమె నగ ఒకటి బ్యాంకులోనే కుదువ పెట్టి, సరిగ్గా ఆ 12,000 మాత్రమే తెచ్చి యాప్‌ను వదిలించుకోండి. నెలకు 2,000 పైచిలుకు కడితే ఆరు నెలల్లో నగ ఇంటికొస్తుంది. నగకు ఎక్కువ ఇస్తామన్నారని ఇంకో పది వేలు కలిపి తెచ్చారా, మళ్లీ మొదటికే వస్తారు. క్రెడిట్ కార్డు వద్దు. ఒక్క కిస్తీ తప్పితే ఏడాదికి 36 నుంచి 45 శాతం పడుతుంది.

కుడి పన్ను ఎంతకాలం ఆగగలదో డాక్టరును సూటిగా అడగండి. జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, వాపు మెడకు దిగుతున్నా డబ్బు చూసుకుంటూ కూర్చోవద్దు, అదే రోజు ఒంగోలు సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. నెల జీతం 21,000 లోపు కాబట్టి ఫ్యాక్టరీలో మీకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కడుతున్నారేమో కూడా కనుక్కోండి. కడుతుంటే వైద్యంతో పాటు, అర్హత ఉంటే, సర్టిఫికెట్ ఇచ్చిన సెలవులో మొదటి రెండు రోజులు పోను మిగతా రోజులకు 70 శాతం కూలి కూడా వస్తుంది.

ఆగొచ్చని డాక్టరు చెబితే, నాలుగు నెలలు ఆగండి. మీ లెక్కలో చీటీ, బ్యాంకు కిస్తీ పోను నెలకు 3,500 మిగలాలి. అది మీరు రోజూ వాడే ఖాతాలో కాదు, ఏటీఎం కార్డు తీసుకోని వేరే ఖాతాలో వేయండి. నాలుగు నెలలకు 14,000. అందులో 9,000 క్లినిక్‌కు, మిగతా 5,000 మీరు ఇంట్లో పడుకునే రోజులకు. ఆ 5,000 చేతిలో లేకుండా అపాయింట్‌మెంట్ తీసుకోకండి. పన్ను అయ్యాక కూడా అదే 3,500 ఆపకుండా వేస్తూ, మూడు నెలల ఇంటి ఖర్చు 42,000 అయ్యేదాకా మరే పెట్టుబడీ మొదలుపెట్టొద్దు. చీటీ ఉంది కదా అనకండి. అవసరం పడ్డ నెలలో తక్కువకు పాడుకోవాల్సి వస్తుంది.

ఇక పాలసీ. క్లినిక్‌లో కూర్చోబెట్టి పన్ను తీయడానికి మామూలు హెల్త్ పాలసీలు డబ్బివ్వవు. మీ పాలసీలో తప్పేమీ లేదు, మీరు అడిగింది అది చేసే పని కాదు. గ్రానైట్ పలకల మధ్య పనిచేసే మనిషి మీరు. చెయ్యి నలిగి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే లక్షల్లో బిల్లు కట్టేది ఆ పాలసీయే. గడువు తేదీ ఎప్పుడో ఈ రోజే చూసి, ప్రీమియంను పన్నెండుతో భాగించి ఆ మొత్తాన్ని కూడా నెలనెలా అదే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి.