మోకాలు ఎంత వంగిందో రాయి

చిరంజీవికి,

కాలు విరిగి కోలుకున్నాక, పిల్లల కృత్రిమ కాళ్లకు విరాళాలు అడుగుతూ మారథాన్ పరుగెత్తిన సంగతి మీద నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదటి పేజీ మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. "విధి వక్రించింది", "మొక్కవోని సంకల్పం", "పడి లేచిన కెరటం"... పేపర్లో ఎవరి మీద ప్రత్యేక కథనం వచ్చినా ఇవే మాటలు. పేరు మార్చి ఎవరికైనా అతికించొచ్చు. నీ తొడ ఎముకలో వేసిన రాడ్డు మాత్రం నీది. దాని సంగతి రాయి.

నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ కొలిచి చెప్పిన డిగ్రీలను మీ అమ్మ పాల లెక్క వేసుకునే క్యాలెండర్ మీదే రాసేదన్నావు. ఇంత మంచి సంగతిని ఒక్క ముక్కలో తేల్చేసి, ఫినిష్ లైన్‌కి రెండు పేజీలు ఇచ్చావేమిటమ్మా! అక్కడ కన్నీళ్లు ఎవరికైనా వస్తాయి. పాల లీటర్ల పక్కన మోకాలి 70 మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ క్యాలెండర్ చిత్తుకాగితాల వాడికి పోకముందే ఒకసారి తీసి అంకెలు సరిచూసుకో.

అయితే 70 అని ఊరికే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. మామూలుగా నడవడానికి మోకాలు ఓ 60, 65 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కి దిగాలంటే 90కి అటూ ఇటూగా కావాలి. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవాలంటే అదీ చాలదు. అంటే 70 దగ్గర నువ్వు హాల్లో తిరగగలవు గానీ, రెండో అంతస్తు నుంచి దిగి కూరగాయల బండి దాకా వెళ్లాలంటే ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించుకుంటూ దిగాలి. పండక్కి అందరూ విస్తళ్ల ముందు చాపల మీద కూర్చుంటే నీకొక్కదానికే కుర్చీ. ఆ కుర్చీ రాయి. మారథాన్ కోరిక అక్కడే పుట్టిందా? పుట్టకపోతే పుట్టిందని మాత్రం రాయకు.

42.195 కిలోమీటర్ల దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించారనీ, 1921లో అదే ఖాయమైందనీ రాశావు. ఎవరైనా వెతుక్కుంటే దొరికేదే, ఒక వాక్యం చాలు. మన ఊరి పరుగు చెప్పు. ఆగస్టు ఉక్కలో, తెల్లారకముందే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఎన్ని ఎత్తులు, ఎన్ని ఫ్లైఓవర్లు! మొన్న ఫోన్లో నువ్వే అన్నావు, "ఎక్కడం పర్లేదు సార్, దిగేటప్పుడే ప్రాణం పోయింది" అని. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. మంచాన పడ్డ కాలికి బాగా చిక్కిపోయేదీ ఆ కండరమే. ఎప్పుడూ పరుగెత్తని నాలాంటివాడు ఎక్కడమే కష్టమనుకుంటాడు. అది సరిదిద్దే మాట నీ నోట ఉంది, వ్యాసంలో లేదు. కేబుల్ బ్రిడ్జి మీద సూర్యోదయం మాత్రం పేరా నిండా ఉంది. (అలాంటి ఫొటోలు రోజూ పొద్దున్నే నా వాట్సాప్‌కి వస్తూనే ఉంటాయి.)

ఇక విరాళాలు. "దాతలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు" అన్నది మైకు ముందు మాట. అడగడం ఎలా ఉందో చెప్పు. మెసేజ్ పెట్టి నీలం టిక్కులు చూసుకుంటూ కూర్చోవడం, నగదు 2,000 దాటితే ఆదాయపు పన్ను మినహాయింపు రాదని తెలిశాక ఐదు వేలు కాస్తా రెండు వేలు చేసిన పెద్దమనిషి, "డబ్బులు ఊరికే ఇస్తాం గదమ్మా, ఆ కాలుతో పరుగెందుకు?" అన్న మీ బాబాయి. ఆయనది చాదస్తమని దాటేశావు. నీ వ్యాసంలో అంత గట్టి ప్రశ్న ఇంకోటి లేదు. 1980లో, క్యాన్సర్‌తో ఒక కాలు పోయిన టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు కృత్రిమ కాలుతో కెనడాలో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు తలా ఒక్క డాలరు అడిగాడు. ఊరూరా అలా పరుగెత్తుకుంటూ వచ్చిన మనిషికి లేదనడం కష్టం. నీ జవాబు అదే కానక్కర్లేదు. బాబాయి ఎదురుగా కూర్చుంటే ఏం చెప్తావో అది రాయి.

కృత్రిమ కాళ్లు పెట్టించుకున్న పిల్లల మీద రాసిన పేరా నాకు నచ్చలేదు. "అభాగ్యులు", "అమాయకపు చూపులు" తీసేయ్. పిల్ల ఎదుగుతుంది, పెట్టిన కాలు ఎదగదు. కొన్నాళ్లకు మళ్లీ కొలతలు, మళ్లీ కొత్త కాలు, మళ్లీ ఖర్చు. వచ్చే ఏడాది నువ్వు మళ్లీ ఎందుకు చెయ్యి చాచాలో ఇది చెప్తే చాలు. ఇంకోటి కూడా గమనించు. 1968లో హస్తకళాకారుడు రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన జైపూర్ పాదం అనే కృత్రిమ పాదం మనవాళ్లు చెప్పుల్లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేసుకోవడానికి వీలుగా చేసింది. పండగపూట కుర్చీలో కూర్చున్న నీకు ఆ వీలు విలువ నాకంటే బాగా తెలుసు. కృత్రిమ కాళ్లు పెట్టే శిబిరంలో కింద కూర్చుని అన్నం తింటున్న పిల్లను నీ కుర్చీలోంచి చూసి రాయి, జాలి దానంతటదే తప్పుకుంటుంది.

ఆసుపత్రి బిల్లు గొడవ ఇందులో కలపకు, అది వేరే వ్యాసం. మళ్లీ రాశాక ప్రింటు తీసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లద్దాలు ఇంకా మార్చుకోలేదు.

ఆశీస్సులతో,
మీ సార్